వేలిముద్ర పడని శనివారం

ముందే ఒక మాట. ఇంటర్లో మార్కుల కోసం సంస్కృతం తీసుకున్న బ్యాచ్ నాది. పదో తరగతి తర్వాత తెలుగులో పేజీ నిండా రాయడం ఇదే మొదటిసారి. ఒత్తులు తప్పితే ఎడిటర్ అక్క దిద్దుతానంది కాబట్టి ధైర్యం చేస్తున్నాను.

రాయాలనుకుంటున్నది ఒక్క వారం గురించి. 2025 అక్టోబర్ 27 సోమవారం నుంచి నవంబర్ 2 ఆదివారం దాకా. మీలో చాలామంది ఆ వారం నాతోపాటు హాస్టల్లోనే ఉన్నారు. కానీ శనివారం మధ్యాహ్నం నేను మెస్సుకి ఎందుకు రాలేదో నా రూమ్మేట్‌కి తప్ప ఎవరికీ తెలీదు.

సోమవారం పొద్దున్నే గ్రూపులో మెసేజ్ వచ్చింది, సెలవులు అని. మొంథా తుఫాను మచిలీపట్నానికీ కళింగపట్నానికీ మధ్య, కాకినాడ పరిసరాల్లో తీరం దాటొచ్చని వాతావరణ శాఖ చెప్పింది. కళింగపట్నం పేరు వినగానే శ్రీకాకుళం వాళ్లం అందరం ఇళ్లకి ఫోన్లు చేశాం. విజయనగరం వాళ్లు మాత్రం ‘మనకేం కాదురా’ అని మ్యాగీ ప్యాకెట్లు కొనడానికి బయల్దేరారు.

అమ్మమ్మది పలాస దగ్గర ఉద్దానంలో ఒక ఊరు. తాతయ్య పోయాక ఒక్కతే ఉంటుంది. శ్రీకాకుళంలో మా ఇంటికి వచ్చెయ్యమని అమ్మ ఎన్నిసార్లు పిలిచినా రాదు. ఫోన్ చేస్తే ఆవిడ బెంగంతా కొబ్బరి చెట్ల మీదే. “ఈయేడే కాపుకొచ్చినాయి బాబూ. ఇప్పుడు పడిపోతే మల్లీ కాపు సూడ్డానికి నానుండను” అంది.

ఆ మాట వెనకాల తిత్లీ ఉంది. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున ఆ తుఫాను పలాస దగ్గరే తీరం దాటింది. నాకప్పుడు పన్నెండేళ్లు. దసరా సెలవులకి అక్కడే ఉన్నాను. తలుపు తెరుచుకోకుండా మంచం అడ్డం పెట్టి, ఆ మంచం మీద అమ్మమ్మా నేనూ కూర్చున్నాం. గాలి చప్పుడు రైలు ఇంటి మీంచి వెళ్తున్నట్టు ఉంది, ఎంతసేపటికీ ఆ రైలు అయిపోవడం లేదు. తెల్లారాక తోటకి వెళ్తే చెట్లన్నీ ఒకే దిక్కుకి పడుకుని ఉన్నాయి, దువ్వెనతో దువ్వినట్టు. జీడి చెట్లయితే వేళ్లతో సహా పైకి లేచిపోయాయి. అమ్మమ్మ ఏడుస్తుందనుకున్నాను. పడిన చెట్టు మీద కాసేపు కూర్చుని, “కాయలేరు బాబూ, ఎవులైనా పట్టుకుపోతారు” అంది. తిత్లీ అంటే సీతాకోకచిలుక అని తర్వాత స్కూల్లో తెలిసింది. ఆ పేరు పెట్టినవాళ్లని ఒకసారి ఉద్దానం తీసుకురావాలనిపించింది.

ఆ తర్వాత నాటిన మొక్కలే ఇవి. కొబ్బరి కాపుకి రావాలంటే ఆరేడేళ్లు పడుతుంది. లెక్క వేసుకోండి.

మంగళవారం రాత్రి మొంథా మాకు దూరంగా, నరసాపురం దగ్గర తీరం దాటింది. మా వైపు వాన దంచింది కానీ తిత్లీ గాలి లేదు. అమ్మమ్మ చెట్లు నిలబడ్డాయి. నన్ను ఆశ్చర్యపరిచింది వేరే విషయం. తుఫాను వస్తుందని నాలుగు రోజుల ముందే తెలుసు. ఏ ఊళ్లో ఎవరిని ఎక్కడికి తరలించాలో, నెలలు నిండిన గర్భిణులని ముందుగా ఏ ఆసుపత్రికి చేర్చాలో అన్నీ లెక్కలు కట్టారు. 1977 నవంబర్ 19న దివిసీమ ఉప్పెనలో అధికారిక లెక్కల ప్రకారమే దాదాపు పదివేల మంది పోయారు. అక్కడి నుంచి ఇక్కడికి వచ్చాం. రాజకీయాలంటే నాకు పెద్ద గౌరవం లేదు, మా రూములో ఆ టాపిక్ వస్తే హెడ్‌ఫోన్స్ పెట్టుకునే టైపు నేను. అయినా ఈ పని ఏ పార్టీ ఉన్నా ఏటేటా కాస్త మెరుగవుతూ వస్తోందని ఒప్పుకోవాలి. ‘అసలు సముద్రం పక్కన ఎందుకు బతుకుతున్నారు, మూర్ఖుల్లారా’ అని మమ్మల్ని ఎవరూ తిట్టలేదు కూడా. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాను.

గురువారం సెమీ ఫైనల్. దీని గురించి మీకు చెప్పేదేముంది, హాస్టలంతా కలిసే చూశాం. ఆస్ట్రేలియా మీద 339 కొట్టాలి. అదే నెలలో అదే ఆస్ట్రేలియా మన వైజాగ్‌లో మన 330ని ఛేజ్ చేసి పారేసింది. అందుకే సగం మంది ఇన్నింగ్స్ బ్రేక్‌లోనే పడుకోవడానికి వెళ్లిపోయారు. జెమీమా 127 నాటౌట్. టోర్నీ మధ్యలో ఒక మ్యాచ్‌కి టీములోంచి తీసేసిన అమ్మాయి. గెలిచాక మైకు ముందు ఏడ్చేసింది. యేసుకి కృతజ్ఞతలు చెప్పింది, తను ఒంటరిగా నిలబడగలిగేదాన్ని కాదంది. మా కారిడార్‌లో ఎవ్వరూ ‘మూఢనమ్మకం’ అనలేదు. నేనూ అనలేదు. నా కళ్లలో నీళ్లు వచ్చాయి, దుమ్ము పడిందని చెప్పాను. వాన పడ్డ రాత్రి దుమ్మేంట్రా అని నవ్వారు.

ఇక శనివారం.

నవంబర్ 1. కార్తీక మాసం, ఏకాదశి, పైగా శనివారం. మూడూ కలిసిన రోజు వేంకటేశ్వరుడి గుడికి జనం ఎలా వస్తారో మన జిల్లాల్లో పుట్టినవాళ్లకి చెప్పక్కర్లేదు. కాశీబుగ్గలో కొత్త గుడి ఉంది. ఒక పెద్దాయన సొంత స్థలంలో, సొంత డబ్బుతో తిరుమల గుడిలా కట్టించారు. ఏకాదశికి అక్కడికే వెళ్తానని అమ్మమ్మ ముందురోజు ఫోన్లో చెప్పింది. పక్కింటావిడా, ఇంకో ఇద్దరూ, ఆటో మాట్లాడుకున్నారట. నేనేమన్నానో దాచకుండా రాస్తాను. “దేవుడు ఏకాదశి రోజే ఆఫీసుకొస్తాడా అమ్మమ్మా? మోకాళ్లు నొప్పులంటావు, మెట్లెక్కుతావు. మీకు చెప్పినా అర్థం కాదు” అన్నాను. ఆ ‘మీకు’ మర్యాదకి అన్నది కాదు. ‘మీలాంటి వాళ్లకి’ అని. ఆవిడకి అర్థమయ్యే ఉంటుంది. “తిన్నావా బాబూ” అని అడిగి పెట్టేసింది.

మధ్యాహ్నం పన్నెండున్నరకి అనుకుంటా, ల్యాబ్ రికార్డు రాస్తుంటే స్కూల్ గ్రూపులో వీడియో వచ్చింది. మెట్లు, రెయిలింగు, చీరలు. ఎవరో ఎవరికో గుండె మీద నొక్కుతున్నారు. కింద ‘కాశీబుగ్గ’ అని రాసి ఉంది.

అమ్మమ్మకి చేశాను. రింగవుతోంది, తియ్యడం లేదు. అమ్మకి చేస్తే ఎంగేజ్. అంటే అమ్మ కూడా చేస్తోంది. టీవీలో మొదట ఏడుగురన్నారు, తర్వాత తొమ్మిది. ఎక్కువమంది ఆడవాళ్లు. నేను గంటా పది నిమిషాల్లో ఇరవై ఏడు సార్లు చేశాను, కాల్ లాగ్ ఇంకా ఉంది. మధ్యలో ఆ వీడియోని ఆపి ఆపి చూశాను. ఒక్కొక్క చీరనీ జూమ్ చేసి చూశాను. అమ్మమ్మకి ఆకుపచ్చ నేత చీర ఒకటుంది, ఏకాదశికి అదే కడుతుంది. ఆకుపచ్చ చీరలు నాలుగు కనిపించాయి. ఇంతకంటే దీని గురించి రాయలేను.

ఒంటిగంటా నలభైకి ఆవిడే చేసింది. “ఏటయిపోనాది బాబూ, ఇన్నిసార్లు సేసినావు? ఫోను ఇంట్లో సార్జింగు కాడుంది, నాను అరుగు మీదున్నాను.”

“గుడికి వెళ్లలేదా?”

“నాను ఎల్నేదు. పింసిని రానేదు కదా.”

మీలో ఎవరికైనా ఇంట్లో ముసలివాళ్లుంటే తెలుస్తుంది. ఒకటో తారీఖు పొద్దున్నే సచివాలయం వాళ్లు ఇంటికొచ్చి నాలుగు వేలు పింఛను ఇస్తారు. వేలిముద్ర పడాలి. అమ్మమ్మ ముప్పై ఏళ్లు పలాసలో జీడి పిక్కలు ఒలిచింది. జీడి పెంకులో ఉండే నూనె చర్మాన్ని తినేస్తుంది. ఆవిడ వేళ్లు చూస్తే కొనలు నల్లగా, నున్నగా, గాజులా ఉంటాయి. గీతలే లేవు. మిషను ఒప్పుకోలేదు. పది వేళ్లూ పెట్టించారట. వచ్చినబ్బాయి మంచివాడు, “మిగతావాళ్లకి ఇచ్చి వస్తాను మామ్మా, ముఖం ఫోటోతో చేద్దాం” అని వెళ్లాడు. ఆటో అరగంట చూసి వెళ్లిపోయింది. అబ్బాయి తిరిగి వచ్చేసరికి పన్నెండయింది.

పక్కింటావిడ బతికే తిరిగొచ్చింది. చెప్పులు లేవు, ఒక చేతికి గాజులు లేవు. ఆ రాత్రంతా మాట్లాడలేదట.

కంప్యూటర్ సైన్స్ చదివేవాళ్లం కదా, బయోమెట్రిక్స్‌లో ఫాల్స్ రిజెక్షన్ అంటే ఏంటో రెండు మార్కుల ప్రశ్నగా మనందరికీ తెలుసు. అసలు మనిషినే మనిషి కాదని మిషను చెప్పడం. అది తప్పు, సరిచెయ్యాల్సిన తప్పు. అమ్మమ్మ ఆ తప్పు వల్లే ఇంట్లో ఉండిపోయింది. దీన్ని ఏ ఖాతాలో రాయాలో నాకు ఇప్పటికీ తెలియదు.

ఫోన్లో ఆ క్షణంలో మాత్రం నాకు ఇవేవీ తట్టలేదు. అరిచాను. ఇక జన్మలో గుడికి వెళ్లొద్దన్నాను. గుడ్డి నమ్మకమన్నాను. జనం గొర్రెలన్నాను. ఆవిడ ఏమీ అనలేదు. సాయంత్రం దీపం పెట్టాక మళ్లీ ఫోన్ చేసింది. ఎప్పుడూ అలా రెండోసారి చెయ్యదు.

“బెంగులూరులో ఆట గెల్సినప్పుడు పదకొండు మంది పోనారు కదా, టీవీలో సూసినాను. అప్పుడు నువ్వేటన్నావు?”

జూన్ 3న ఆర్సీబీ కప్పు గెలిచింది. పద్దెనిమిదేళ్ల తర్వాత. నేను ఆ రాత్రి తెల్లవారేదాకా నిద్రపోలేదు. మర్నాడు చిన్నస్వామి స్టేడియం బయట పదకొండు మంది చనిపోయారు. అప్పుడు నేనన్నది నాకు గుర్తుంది, ఎందుకంటే స్టేటస్ పెట్టాను. ముప్పై ఐదు వేల మంది పట్టే చోటికి లక్షల మంది వస్తారని ముందే తెలీదా, ప్లానింగ్ చేసినవాళ్లని పట్టుకోండి అని. చనిపోయినవాళ్లని ఒక్క మాట అనలేదు. వాళ్లు నాలాంటివాళ్లు. జెర్సీ వేసుకున్నవాళ్లు. క్రికెట్ చూడ్డం మానెయ్యండి అని నాకు తట్టనేలేదు.

“మరి మాకేల గొర్రెలన్నావు?” అంది అమ్మమ్మ. గొంతులో కోపం లేదు. నిజంగానే అడుగుతోంది.

నా దగ్గర జవాబు లేదు. ఇంకా సిగ్గుపడే విషయం ఒకటుంది. ఆ ముందు నెలే, అక్టోబర్ 7 మంగళవారం, మన పైడితల్లి అమ్మవారి సిరిమాను. మీలో సగం మంది వచ్చారు. నేను దండం పెట్టుకోడానికి వెళ్లలేదు, వీడియో తియ్యడానికి వెళ్లాను. పూజారి గారు కూర్చున్న ఆ పొడవాటి చింతమాను కదిలినప్పుడు అందరూ ఒక్కసారి ముందుకి ఒరిగారు. ఓ నాలుగైదు సెకన్లు నా కాళ్లు నేల మీద లేవు. రెండు చేతులూ ఫోన్‌తో పైన ఉన్నాయి, కిందికి దించడానికి చోటు లేదు. ఊపిరి వదలగలిగాను, మళ్లీ పీల్చడానికి ఛాతీ కదల్లేదు. తర్వాత అల వెనక్కి పోయినట్టు వదులైంది. నేను నవ్వాను. ఆ వీడియోకి ‘గూస్‌బంప్స్’ అని పేరు పెట్టి పోస్ట్ చేశాను. తప్పు ఎవరిదీ కాదు, ఆ ముందు వరసకి దూరి వెళ్లింది నేనే.

శనివారం రాత్రి నిద్ర పట్టక దీని గురించి చదివాను. చదరపు మీటరుకి ఐదారుగురు దాటితే మన ఒంటి మీద మన అధికారం పోతుంది. గుంపు నీళ్లలా కదులుతుంది. చాలామంది పోయేది కాళ్ల కింద పడి కాదు. నిలబడి ఉండగానే, ఛాతీ విచ్చుకోక, ఊపిరి ఆడక. వెనక ఉన్నవాళ్లకి ముందు ఏం జరుగుతోందో తెలీదు, తెలిసే దారే లేదు. మనమేమో దాన్ని ‘తొక్కిసలాట’ అంటాం. ఆ మాట విన్నప్పుడల్లా ఒకర్నొకరు తొక్కుకున్న మనుషులు కళ్లముందుకొస్తారు. మాటలోనే తీర్పు ఉంది. పోయినవాళ్లే తప్పు చేసినట్టుంది. పేపర్లు ఇంకో మాట వెతికితే బాగుణ్ణు. నా తెలుగుకి దొరకలేదు, మీకు దొరికితే చెప్పండి.

కాశీబుగ్గలో లోపలికీ బయటికీ ఒకటే దారి అని మంత్రులే చెప్పారు. ఆపరేటింగ్ సిస్టమ్స్ క్లాసులో డెడ్‌లాక్‌కి మన సార్ చెప్పే ఉదాహరణ ఏంటి? సన్నటి వంతెన, రెండు వైపుల నుంచి రెండు కార్లు, ఎవరో ఒకరు వెనక్కి పోతే గానీ ఎవరూ కదలరు. మిడ్ పరీక్షలో అది రాసి నేను ఐదుకి ఐదు తెచ్చుకున్నాను. కార్లయితే హారన్ కొట్టుకుంటాయి.

తర్వాత టీవీ చూస్తే అంతా ‘ప్రైవేటు గుడి’ అనే మాట చుట్టూనే తిరిగింది. దేవాదాయ శాఖ కింద లేదని వీళ్లు, ఉన్నా లేకపోయినా పోలీసులేరని వాళ్లు. పరిహారం ప్రకటించారు, నాయకులు వచ్చారు, పరామర్శించారు. అవి చెయ్యాల్సినవే. కానీ అదే ఏడాది జనవరి 8న తిరుపతిలో వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల దగ్గర ఆరుగురు పోయారు. ఏప్రిల్ 30న సింహాచలం చందనోత్సవంలో క్యూలో ఉన్నవాళ్ల మీద గోడ కూలి ఏడుగురు పోయారు. అవి ప్రైవేటు గుళ్లు కావు కదా.

నాకు తుఫాను గుర్తొచ్చింది. మొంథా వస్తుందని నాలుగు రోజుల ముందు తెలిసింది, అదీ ఎక్కడ దాటుతుందో చివరిదాకా మారుతూనే ఉంది. దానికే ఇన్ని లెక్కలు వేశాం. కార్తీక ఏకాదశి నవంబర్ 1న వస్తుందని, అది శనివారమని మా ఇంట్లో గోడ మీది క్యాలెండర్‌లో జనవరి నుంచే రాసుంది. తిథి దారి మార్చుకోదు, బలహీనపడదు. పంచాంగం కంటే ముందుగా హెచ్చరించే వాతావరణ శాఖ ప్రపంచంలో ఎక్కడా లేదు. మరి ఆ రోజుకి ఏ ఊళ్లో ఏ గుడికి ఎంతమంది వస్తారో, మెట్లు ఎన్ని, గేట్లు ఎన్ని అని ఎవరైనా ఒక కాగితం మీద రాసుకుంటారా? తుఫానుకి ‘మీరక్కడ ఎందుకున్నారు’ అని అడగని మనం, నాతో సహా, గుడి మెట్ల మీద పోయినవాళ్లని అదే అడిగాం.

ఆదివారం ఫైనల్ చూడాలా వద్దా అని నిజంగా ఆలోచించాను. నవీ ముంబైలో వాన వల్ల రెండు గంటలు ఆలస్యంగా మొదలైంది. చూడకూడదనుకుంటూనే ప్రతి పది నిమిషాలకీ స్కోరు చూస్తున్నాను, ఆఖరికి హాల్లోకి వచ్చేశాను. షెఫాలీ 87, దీప్తి ఐదు వికెట్లు. అర్ధరాత్రి హర్మన్ ఆఖరి క్యాచ్ పట్టాక నేను కూడా మీ అందరితోపాటు కుర్చీ ఎక్కి అరిచాను. మన కడప అమ్మాయి శ్రీచరణి కప్పు పట్టుకుంటే చూసి ఇంకా అరిచాను. కిందికి పరిగెత్తుతుంటే మెట్ల దగ్గర అందరం ఇరుక్కున్నాం. ఒక్క క్షణం ఆగిపోయి గోడకి ఆనుకుని నిలబడ్డాను. నా పక్కనుంచి పోతూ ఒకడు “ఏమైందిరా” అన్నాడు. నువ్వెవరో నీకు తెలుసు. ఇప్పుడు చెప్తున్నాను, అదే అయింది.

సోమవారం అమ్మమ్మకి నేనే చేసి, గొర్రెలన్నందుకు క్షమించమన్నాను. తెలుగులో ఆ మాట పెద్దవాళ్లతో అనడం ఎంత కష్టమో! ‘సారీ’ అంటే సులువుగా అయిపోయేది. ఆవిడ పట్టించుకోలేదు. “ఆడపిల్లలే గెల్సినారట కదా. మన ఆమదాలవలస పిల్ల మల్లీశ్వరి బరువులెత్తి మెడలు తెచ్చినప్పుడు మీ తాత ఊరంతటికీ మిఠాయి పంచినాడు” అంది. సిడ్నీ, 2000, మొత్తం 240 కిలోలు, ఒలింపిక్స్‌లో మన దేశం ఆడవాళ్లకి తొలి పతకం. నేను పుట్టకముందు సంగతి. ఆవిడకి మాత్రం నిన్నే.

దేవుడే నిన్ను ఆపాడనుకుంటున్నావా అని అడిగాను. వెటకారంగా కాదు, తెలుసుకుందామనే.

“అలగనుకుంటే ఆ తొమ్మిది మందినీ ఎందికి ఆపనేదంటావు నువ్వు. నాకు తెల్దు బాబూ. నాను ఆళ్లకోసం కూడా దీపమెట్టినాను” అంది.

ఇద్దరం కాసేపు మాట్లాడలేదు. కొబ్బరి గెల ఒకటి దింపించానని, నేను వచ్చేదాకా నీళ్లు తగ్గవని చెప్పింది. తర్వాత, మామూలుగా, డిసెంబర్ 30న ముక్కోటి ఏకాదశి వస్తోందని, వెళ్తానని చెప్పింది. ఈసారి నేను వెళ్లొద్దనలేదు. నేనూ వస్తానన్నాను. పొద్దున్న కాకుండా మధ్యాహ్నం రద్దీ తగ్గాక బయల్దేరదామన్నాను.

“రద్దీ తగ్గినాదో నేదో ఇంట్లో కూకుని ఎలగ తెలుస్తాది? నీ ఫోన్లో సూపిస్తాదా?”

“లేదు అమ్మమ్మా. అలాంటిది మన దగ్గర ఇంకా లేదు.”

“మరి నువ్వు సదివీ సదువేటి?”